యూనివర్సిటీ ఉల్పాన్: ఫీజుకు తగ్గ చదువేనా?

మా ఆయన పోస్ట్‌డాక్ కోసం ఇజ్రాయెల్ వచ్చాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఇక్కడి ఓ యూనివర్సిటీలో హీబ్రూ కోర్సులో చేరాను. దీన్ని ఉల్పాన్ అంటారు. హీబ్రూ అక్షరాల పేర్లతోనే, అలెఫ్ నుంచి వావ్ దాకా ఆరు స్థాయిలు.

టీచరమ్మ మొదటి రోజు నుంచే హీబ్రూ తప్ప వేరే ముక్క మాట్లాడలేదు. మొదట్లో టెన్షనే గానీ, నోరు తిరిగింది అందుకే. 22 అక్షరాలు త్వరగానే వస్తాయి. అసలు తంటా అచ్చుల గుర్తులు లేకుండా చదవడం. పేపర్లో, దుకాణం బోర్డు మీద అవి రాయరు. గుణింతాలు వల్లెవేసిన ప్రాణాలకు ఇదేం చదువండీ! పైగా బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం. మూడు బల్లలకు ‘ష్లొషా’, మూడు తలుపులకు ‘షలోష్’. మామూలుగా స్త్రీలింగానికి వచ్చే ‘ఆ’ చివర, అంకెల్లో మాత్రం పుంలింగానికి తగులుకుంటుంది. మార్కెట్లో వాళ్లే కలగాపులగం చేస్తారు, మా టీచరమ్మ మాత్రం వదలదు.

పై స్థాయిలో ఇజ్రాయెల్ కవి యెహుదా అమిహాయ్ కవితలు చెప్పారు. డబ్బులు గిట్టాయనిపించింది అక్కడే. వాడుక మాటలే, మధ్యలో బైబిలు పలుకుబడి తొంగిచూస్తుంది. 1966లో సాహిత్య నోబెల్ పంచుకున్న హీబ్రూ రచయిత అగ్నోన్ కథ మాత్రం డిక్షనరీ ఉన్నా ఓ పట్టాన కదల్లేదు.

పుస్తకాల ఖర్చు వేరని ఆఫీసువాళ్లు ముందు చెప్పలేదు. మెయిల్ పెడితే జవాబుకు ఎదురుచూడాల్సిందే. ఉద్యోగం ఉన్నవాళ్లు పొద్దుటి ఇంటెన్సివ్ కోర్సు జోలికి పోకండి, హోంవర్క్ తెమలదు.