వేడి ఆవిర్లకు జెల్ ప్యాడ్: చెన్నై ఉక్కకి ఆగుతుందా?

మెనోపాజ్ దశలో వేడి ఆవిర్లు (ఉన్నట్టుండి ఒంట్లో సెగ పుట్టి చెమట పట్టడం, హాట్ ఫ్లాషెస్) వచ్చి అర్ధరాత్రి నైటీ తడిసి లేచేవాళ్లకి అమ్మే వస్తువుల్లో, చెన్నైకి నప్పేది దిండు మీద వేసుకునే జెల్ ప్యాడే. నీటి తుంపర చల్లే చిన్న ఫ్యాన్లు ఇక్కడ దండగ. గాలి నిండా తేమ ఉంటే తుంపర ఆరదు, ఆరకపోతే చల్లదనం రాదు, మొహం జిడ్డోడుతూ మిగులుతుంది. జెల్ అలా కాదు, ఒంటికి ఆనుకుని వేడిని లాక్కుంటుంది.

కాకపోతే గది ఎంత వేడిగా ఉంటే ప్యాడ్ కూడా అంతే. ఏసీ 26లో ఉంటే మెడ కింద హాయిగా తగులుతుంది. కత్తెర ఎండల్లో, ఏసీ లేని గదిలో రాత్రి 31 డిగ్రీలుంటే, 34 డిగ్రీల చర్మానికి దాని మేలు అంతంతే. అలాంటి ఇళ్లలో పడుకునే ముందు గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రీజర్ వద్దు. జెల్ గట్టిపడి మడతల దగ్గర తొడుగు చీలుతుంది, పైగా ఆవిరి దిగాక వచ్చే వణుకు ఇంకా ఎక్కువవుతుంది.

చాలామంది పొరపాటు చేసేది వాడకంలోనే. ఆవిరి సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాలే ఉంటుంది. గుండెల మీద మొదలై మెడకీ మొహానికీ పాకుతుంది. రాత్రంతా తల దాని మీదే ఉంచితే, అసలు సెగ వచ్చేసరికి ప్యాడ్ ఒంటి వేడికి వచ్చేసి ఉంటుంది. పక్కన ఉంచుకుని, సెగ మొదలవగానే ప్యాడ్‌ని మెడ వెనక పెట్టుకోవాలి.

ఇది ఆవిర్లను ఆపదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గాక, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథలమస్ కొద్దిపాటి వేడికే ఉలిక్కిపడటం వల్ల వచ్చేవి అవి. నిద్ర బొత్తిగా పట్టకపోతే గైనకాలజిస్టుని హార్మోన్ చికిత్స గురించి అడగాలి. అది పడనివాళ్లకి వేరే మందులూ ఉన్నాయి. ముట్లాగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

కొనేటప్పుడు బరువు చూడండి. 30×40 సెంటీమీటర్లది కిలోకి దగ్గరగా ఉండాలి, తేలికవి ఇట్టే వెచ్చబడతాయి. నిలబెట్టి ఊపితే జెల్ అంతా ఒక మూలకి జారకూడదు. మధ్యలో అతుకు గీతలున్నవి నయం.

తొడుగు ప్లాస్టిక్ కాబట్టి చెమట పీల్చదు. పాత వాయిల్ చీర ముక్క ఒక్క వరస చుడితే చాలు. తువ్వాలు చుడితే చల్లదనం పైకి రాదు. పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టకపోతే, ఈ ఊరి తేమకి ముక్కిపోయిన వాసన ఖాయం. మేడ మీద ఎండలో వేశారా, తొడుగు పెళుసెక్కి అంచుల నుంచి కారడం మొదలెడుతుంది.