మ్యూనిక్‌లో క్లాసు, ఫ్రైబుర్గ్‌లో భాష

పదహారేళ్ళప్పుడు మ్యూనిక్‌లో మూడు వారాలు, మరుసటి ఏడాది ఫ్రైబుర్గ్‌లో రెండు నెలలు ఉన్నాను. రెండుసార్లూ జర్మన్ నేర్చుకోవడానికే, రెండుచోట్లా జర్మన్ వాళ్ళ ఇంట్లోనే. మొదటిది డబ్బు కట్టి వెళ్ళింది. రెండోది మార్పిడి: ముందు నేను వాళ్ళింట్లో, తర్వాత వాళ్ళమ్మాయి మా ఇంట్లో. ఇలా వెళ్ళాలనుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరు బాగుంటుందని. ఊరి సంగతి తర్వాత. మీరు వెళ్ళే ఇంట్లో ఇంకెంతమంది స్టూడెంట్లు ఉంటారో ముందు కనుక్కోండి.

మ్యూనిక్‌కు ముందు ఏజెన్సీ పంపిన కాగితంలో ‘ఇద్దరు టీనేజ్ పిల్లలున్న కుటుంబం’ అని ఉంది. తలుపు తీసింది అరవై దాటిన ఒకావిడ. పిల్లలున్న మాట నిజమే, కాకపోతే వాళ్ళు పెద్దవాళ్ళయిపోయి ఎప్పుడో వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళ గదుల్లో నేను, ఒకే స్కూలు నుంచి వచ్చిన ఇద్దరు ఇటలీ అమ్మాయిలు. వాళ్ళిద్దరూ ఇటాలియన్‌లో మాట్లాడుకునేవారు, నాతో ఇంగ్లీషులో. ఆవిడ రాత్రి మా పళ్ళేల మీద మూతలు పెట్టి ఉంచి టీవీ ముందు కూర్చునేది. తాళంచెవి, స్నానం టైము, వైఫై పాస్‌వర్డ్, ఇవి దాటి మాటలు సాగేవి కావు.

ఒక రాత్రి లోకల్ రైలు మధ్యలో ఆగిపోయింది. ఏజెన్సీ ఇచ్చిన 24 గంటల నంబరు మోగి మోగి ఊరుకుంది. ఏడుపొకటే తక్కువ. చివరికి ఆవిడకే ఫోన్ చేస్తే, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కారేసుకుని వచ్చింది. దారిలో వాళ్ళాయన గురించి, ఆ స్టేషన్లో ఆయన కోసం ఎదురుచూసిన రోజుల గురించి చెప్పింది. నేను మూడో వంతు అర్థం చేసుకుని, మిగతాదానికి తలూపాను. ఆ ఇరవై నిమిషాల్లో మాట్లాడినంత జర్మన్ ఆ ఇంట్లో మూడు వారాలూ కలిపినా మాట్లాడలేదు. ఇల్లు మారుస్తారా అని ఏజెన్సీని అడిగితే, ఉండేదే మూడు వారాలు, సర్దుకోమన్నారు. పొద్దున నాలుగు గంటలపాటు సాగే క్లాసుకు మాత్రం వంక పెట్టలేను. జర్మన్ వ్యాకరణం నాకు పట్టుబడిందంటే అక్కడే.

ఫ్రైబుర్గ్ బ్లాక్ ఫారెస్ట్ అనే అడవుల అంచున ఉంటుంది. పాత ఊళ్ళో వీధుల పక్కన సన్నటి నీటి కాలువలు పారుతుంటాయి, వాటిని బెష్లె అంటారు. పొరపాటున వాటిలో కాలు పడితే ఆ ఊరివాళ్ళనే పెళ్ళి చేసుకుంటారని నమ్మకం. మొదటివారంలోనే నాకు పడింది. క్లాసంతా చప్పట్లు.

మొదటి రాత్రి భోజనం దగ్గర ఇంకో రొట్టె వడ్డించబోతే, కడుపు నిండిందని చెప్పబోయి “ఇష్ బిన్ ఫొల్” అన్నాను. ఇంగ్లీషులో అనుకున్నది మాటకు మాట జర్మన్‌లోకి దింపానన్నమాట. బల్ల చుట్టూ ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత నవ్వులు. దానర్థం అక్కడ ‘తాగి ఉన్నాను’ అని. “ఇష్ బిన్ జట్” అనాలట. నన్ను దిద్దింది పెద్దవాళ్ళు కాదు, వాళ్ళమ్మాయి తొమ్మిదేళ్ళ తమ్ముడు. వాడికి జాలి లేదు. జర్మన్‌లో లింగాన్ని బట్టి నామవాచకం ముందు వచ్చే డెర్, డీ, డస్‌లలో ఏది తప్పినా వాక్యం మధ్యలోనే ఆపేసేవాడు. నాకు దొరికిన మాస్టార్లలో వాడే నంబర్ వన్.

అక్కడ రాత్రిపూట పెద్దగా వండరు. రొట్టె, చీజ్, కోసిన దోసకాయ ముక్కలు, అంతే. కానీ గంటసేపు ఎవరూ లేవరు, ఫోన్లు బల్ల మీదికి రావు. జూన్ 24తో ష్పార్గెల్ (తెల్ల ఆస్పరాగస్) సీజన్ అయిపోతుందని, ఆలోపు వారానికి రెండుసార్లు మధ్యాహ్నం ఆ తెల్ల కాడలే. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో జర్మన్‌లో చెప్పాల్సి రావడం మాత్రం పనికొచ్చింది.

రెండో వారం చివర్లో తల బద్దలైపోయేది. రోజంతా ఇంకో భాష వినడం ఇంత అలసట అని నాకెవరూ చెప్పలేదు. వారానికి ఒక్కసారే ఇంటికి ఫోన్ చేయాలని పెట్టుకున్నాను, అదే మంచిదయింది. మూడో వారం దాటాక ఒక జోకు, ఎవరూ వివరించకుండానే, అందరితో కలిసి నవ్వేశాను.

ఫ్రైబుర్గ్ క్లాసులో సగం మంది ఫ్రాన్స్ వెళ్ళొచ్చినవాళ్ళే. 1963లో మొదలైన ఫ్రాంకో-జర్మన్ యూత్ ఆఫీసు కింద బ్రిజిట్ సోజే అనే కార్యక్రమం ఉంది: ఒకరింట్లో మరొకరు దాదాపు మూడు నెలలు ఉండి, అక్కడి స్కూలుకే వెళ్తారు. అమెరికాలో ఏడాది చదవాలనుకుంటే ఎక్స్ఛేంజ్ వీసాకు వయసు 15 నుంచి పద్దెనిమిదిన్నర లోపు ఉండాలి. అక్కడ హోస్ట్ కుటుంబానికి జీతం ఉండదు, ఇంట్లో 18 దాటిన ప్రతివాళ్ళకూ నేరచరిత్ర తనిఖీ ఉంటుంది, కోఆర్డినేటర్ నెలకొకసారైనా స్టూడెంట్‌తో మాట్లాడాలి. మ్యూనిక్‌కు ముందు ఇలాంటి సంగతులేవీ నేను అడగలేదు. యూరప్ కాగితాల్లో రెండు మర్చిపోకండి: షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టింది ‘డు’, అంటే నువ్వు. జర్మన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు వేరు. మ్యూనిక్ ఆవిడను ‘జీ’ (మీరు) అన్నాను, హాయిగా ఉంది. ఫ్రైబుర్గ్‌లో ఆ ఇంటి అమ్మగారు మొదటిరోజే పేరు పెట్టి ‘డు’ అనమంది. నోరు రాలేదు. నెలరోజులు ఏ సర్వనామమూ తగలకుండా వాక్యాలు కట్టుకుంటూ బతికాను.

మరుసటి ఏడాది వాళ్ళమ్మాయి మా ఇంటికి వచ్చింది. మేం చేసిన తప్పు, అందరం దాంతో ఇంగ్లీషే మాట్లాడాం. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆవిడ దగ్గరే దానికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చాయి. నాలుగో వారంలో ఒక సాయంత్రం కుర్చీ జరిపి, ఎంతో గౌరవంగా, “నువ్వు కూర్చోండి” అంది. అమ్మమ్మ కూర్చుంది.