తమ్ముడికి చేయించిన టీడీసీఎస్: డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి

నేను నల్గొండలో ఎలక్ట్రీషియన్‌ని. విజయవాడ హైవే మీద బైక్ యాక్సిడెంట్‌లో మా తమ్ముడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. కోమాలోంచి బయటపడి కళ్లు తెరిచాడు గానీ, పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు. ఇలాంటి వాళ్లకు తల పైనుంచి చిన్న కరెంటు పంపే టీడీసీఎస్ చికిత్సను హైదరాబాద్‌లో ఒక న్యూరో రిహాబ్ సెంటర్‌లో చేయించాం. సెంటర్ పేరు రాయడం లేదు, ప్రచారం నా ఉద్దేశం కాదు. ఐసీయూ బయట కూర్చుని ఫోన్‌లో వెతుక్కుంటున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

దీనికి ముందు వేరే చోటికి వెళ్లాం. మా వాడి స్కాన్ కూడా చూడకుండా "నెలలో లేచి కూర్చుంటాడు" అన్నారు, ప్యాకేజీ మొత్తం అడ్వాన్స్ అడిగారు. అప్పటికి వాడి కుడివైపు పుర్రె ముక్క ఇంకా పొట్టలోనే ఉంది. మెదడు వాచినప్పుడు ఆపరేషన్ చేసి తీసిన ఎముకను పొట్ట చర్మం కింద దాచి, వాపు తగ్గాక తిరిగి పెడతారు. ఎముక లేని చోట కరెంటు దారి మారిపోతుంది, ఎక్కడ ఎంత చేరుతుందో లెక్క తప్పుతుంది. అమ్మ గాజులు తీయబోయింది. వద్దని తీసుకొచ్చేశాను.

రెండో చోట మొదటి రోజే సీటీ ఫిల్మ్‌లు అడిగారు. ఫిట్స్ వచ్చాయా, తలలో క్లిప్పులు, ప్లేట్లు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఎముక పెట్టించాక, న్యూరోసర్జన్ లెటర్‌తో రమ్మని వెనక్కి పంపారు. ఆ రోజు రానుపోను అంబులెన్స్ ఖర్చు దండగైనా, నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది మాత్రం అక్కడే.

మెషిన్ కంటే ముందు వాళ్లు చేసే పరీక్ష గురించి చెప్పాలి, నా దృష్టిలో ఈ సర్వీసులో అసలు విలువ దానిదే. సీఆర్ఎస్-ఆర్ అంటారు, మొత్తం 23 మార్కులు. వినడం, చూడటం, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ విడివిడిగా చూస్తారు. థెరపిస్ట్ మేడం చేతి అద్దాన్ని మా వాడి ముఖానికి బెత్తెడు దూరంలో పెట్టి, మెల్లగా కుడికి, ఎడమకు జరిపింది. వస్తువు కంటే, ఎదుటి మనిషి కంటే, సొంత ముఖాన్నే ఇలాంటి పేషెంట్లు ఎక్కువగా వెంబడిస్తారట. మొదటిసారి కళ్లు కదల్లేదు. రెండోసారి ఎడమవైపు కొద్దిగా వెళ్లి ఆగిపోయాయి. అమ్మ "నా బిడ్డ సూస్తుండు" అని లేచింది. మేడం ఆమెను కూర్చోబెట్టి, "అమ్మా, ఇంకోసారి చూద్దాం, ఒక్కసారి చూస్తే లెక్క రాదు" అంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు మళ్లీ చూసి అప్పుడు మార్కులు వేసింది. మంచం పక్కన నిలబడి కంటితో చూసి "స్పృహ లేదు" అనేసిన కేసుల్లో నూటికి 40 దాకా తప్పని 2009లో వచ్చిన పరిశోధన చెబుతోంది. కాబట్టి ఈ పరీక్ష లేకుండా మెషిన్ పెట్టేవాళ్ల దగ్గరికి పోవద్దు.

ఇక మెషిన్. తలస్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి ఒకటి ఎడమ నుదురు పైన జుట్టులో, ఇంకొకటి కుడి కనుబొమ్మ మీద పెట్టి రబ్బరు బెల్ట్‌తో బిగిస్తారు. 2 మిల్లీయాంపులు, 20 నిమిషాలు. ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 40 మిల్లీయాంపులు తీసుకుంటుంది, పోల్చుకోండి. కరెంటును ఒక్కసారిగా ఇవ్వరు, మెల్లగా పెంచి మెల్లగా దించుతారు. స్పాంజి ఆరితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. మేడం ఆ రీడింగ్ చూస్తూ మధ్యలో సిరంజితో నీళ్లు వేసేది. నా వృత్తి తెలిసిన ఇద్దరు ముగ్గురు "9 వోల్టుల బ్యాటరీతో నువ్వే చేయొచ్చుగా" అని అడిగారు. చేయను, మీరూ చేయకండి. చర్మం కాలుతుంది, ఫిట్స్ రావచ్చు, నోరు లేని మనిషి మండుతోందని చెప్పలేడు.

ఫలితం గురించి సెంటర్ డాక్టర్ గారు ముందే ఉన్నదున్నట్టు చెప్పారు. మెదడు లోపలి థాలమస్ నుంచి ముందు భాగానికి వెళ్లే సప్లై తగ్గి, పాడవని భాగాలు కూడా చీకట్లో ఉండిపోతాయి, వాటిని కాస్త తట్టడమే ఇది అన్నారు. బెల్జియంలోని లీయెజ్‌లో 2014లో ఒక్క సెషన్ ఇచ్చి చూస్తే, కొద్దిపాటి స్పృహ ఉన్న 30 మందిలో 13 మంది స్పందించారు. అసలు స్పృహ జాడ లేని 25 మందిలో ఇద్దరే. 2023లో పలు దేశాల ఆసుపత్రుల్లో 62 మందితో చేసిన ట్రయల్‌లో కోర్సు అయ్యేసరికి ఉత్తుత్తి కరెంటు పెట్టినవాళ్లకూ అసలు పెట్టినవాళ్లకూ మొత్తమ్మీద తేడా రాలేదు. మూడు నెలల తర్వాత కొద్దిపాటి స్పృహ ఉన్నవాళ్లలో, దెబ్బ తగిలి వచ్చినవాళ్లలో కొంత మెరుగు కనిపించింది. ఈ మాట డబ్బు కట్టకముందే చెప్పిన మనిషికి దండం పెట్టాలి.

మెదడులోకే తీగ దించే డీబీఎస్ గురించి కూడా అడిగాను. అమెరికాలో నికోలస్ షిఫ్ అనే న్యూరాలజిస్ట్ బృందం ఆరేళ్లుగా కొద్దిపాటి స్పృహతోనే ఉన్న 38 ఏళ్ల మనిషికి థాలమస్‌లో తీగలు పెడితే, అతను వస్తువుల పేర్లు చెప్పాడు, నమిలి మింగాడు. 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. నేను ఆ ఒక్క కేసునే పట్టుకుని రాత్రుళ్లు చదివేవాణ్ని. 2023లో అదే బృందం తీగలు పెట్టి ఫలితాలు ప్రకటించిన ఐదుగురు పేషెంట్లు మాత్రం స్పృహలో ఉన్నవాళ్లే, ఏకాగ్రత దెబ్బతిన్నవాళ్లు. మా వాడి లాంటి వాళ్లకు అది ఇంకా పరిశోధనే. ఎవరైనా ప్యాకేజీగా అమ్మితే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడగండి.

మా వాడికి ఏమైంది? కోర్సు అయ్యేసరికి అద్దం వెంట కళ్లు రెండువైపులా, ప్రతిసారీ తిరుగుతున్నాయి. "చెయ్యి పట్టుకో" అంటే కొన్నిసార్లు పట్టుకుంటున్నాడు. మాట రాలేదు, తిండి ఇంకా పైపుతోనే. అదే సమయంలో అమాంటడిన్ మాత్రలు, రోజూ ఫిజియో కూడా నడిచాయి. తలకు దెబ్బ తగిలి ఇలాంటి స్థితిలో ఉన్న 184 మందితో 2012లో వచ్చిన ట్రయల్‌లో ఆ మాత్ర కోలుకోవడాన్ని వేగం చేసిందని తేలింది. కాబట్టి ఇదంతా కరెంటు వల్లే అని నేను రాయను. కానీ మార్కులు పెరగడం కాగితం మీద ఉంది, అమ్మ గదిలో ఎటు తిరిగితే వాడి కళ్లు అటే వెళ్లడం ఇంట్లో అందరం చూస్తున్నాం.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, రిపోర్ట్ మొత్తం ఇంగ్లిష్‌లో ఇచ్చారు, అమ్మకు నేనే ఒక్కో ముక్క చదివి చెప్పాల్సి వచ్చింది. కోర్సు మధ్యలో మార్కులు వేసే మనిషి మారారు, అలా మారకూడదు. ఫిజియో కంటే ఖర్చు ఎక్కువ, మా ఇన్సూరెన్స్‌లో రాలేదు.

వెళ్లేటప్పుడు సీటీ ఫిల్మ్‌లు, డిశ్చార్జ్ సమ్మరీ, ఫిట్స్ మాత్రల చీటీ పెట్టుకోండి. సెషన్ టైమ్ పేషెంట్ బాగా మెలకువగా ఉండే వేళకు అడిగి తీసుకోండి, మా వాడికి మధ్యాహ్నం పనికిరాలేదు. స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.