నల్లగొండ ఎన్నికల అంచనా క్లాసు: బోస్నియా లెక్క కోసం పోవచ్చు, ఇచ్చే షీటును మాత్రం నమ్మొద్దు

నల్లగొండలో శని, ఆదివారాల్లో నడిచే రెండు రోజుల ఎన్నికల అంచనా క్లాసు గురించి ఇది. ఫీజు రెండు వేలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. సర్వే ఫారాలు పట్టుకుని మండలాలు తిరిగే పిల్లలు, పార్టీ ఆఫీసుల్లో బూత్ లెక్కలు చూసేవాళ్లు ఎక్కువగా వస్తారు. మొదటి రోజు మన లెక్క, రెండో రోజు ఐరోపాలోని బోస్నియా లెక్క. "ఆ దేశం మనకెందుకు" అనిపిస్తుంది గానీ, కట్టిన డబ్బులు గిట్టేది ఆ రెండో రోజే.

మొదటి రోజు చెప్పేది ఒకట్రెండు ఎన్నికలకు ఫీల్డులో తిరిగినవాళ్లకు తెలిసిందే. బస్టాండు హోటల్ ముందు వంద ఫారాలు నింపితే మగవాళ్ల మాటే వస్తుంది. ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు దొరకాలంటే పొద్దున్నే ఊర్లో ఉండాలి. "ఎవలికేస్తరు?" అంటే తప్పించుకునే మనిషి "ఊర్లె ఎవలి గాలుంది?" అంటే నోరు విప్పుతాడు. అంతవరకు బాగుంది. వలస దగ్గరే తప్పు చెప్తున్నారు: తాళం వేసిన ఇల్లు కనిపిస్తే వదిలేసి పక్కింటికి పొమ్మంటున్నారు. పాలమూరు పల్లెల్లో అలా చేస్తే సర్వే అక్కడే చెడుతుంది. ఆ ఇంటివాళ్లలో చాలామంది పోలింగుకు ముందురోజు బస్సు దిగుతారు. 2024లో మహబూబ్‌నగర్ లోక్‌సభ సీటు డీకే అరుణకు దక్కింది 4,500 ఓట్ల తేడాతో, అంటే అర శాతం కూడా కాదు. అదే ఎన్నికలో నల్లగొండలో తేడా ఐదున్నర లక్షలు దాటింది. నల్లగొండలో తాళాల ఇళ్లు వదిలేసినా గెలిచేదెవరన్న అంచనా తప్పదు, మహబూబ్‌నగర్‌లో తప్పుతుంది. పక్కింట్లో ఫోన్ నంబరు అడిగి తీసుకుని, "వస్తరా, రారా" అని కనుక్కుని, ఆ ఫారాలను వేరే కట్టగా పెట్టుకోవడమే దారి.

ఇక బోస్నియా. 1995 డేటన్ ఒప్పందం ప్రకారం అక్కడ అధ్యక్ష పదవిలో ముగ్గురు కూర్చుంటారు, జాతికొకరు: ఒక బోస్నియాక్, ఒక క్రొయాట్, ఒక సెర్బ్. పదవీకాలం నాలుగేళ్లు, పెద్దరికం ఎనిమిది నెలలకోసారి చేతులు మారుతుంది. సెర్బ్ సభ్యుణ్ని రిపబ్లికా స్‌ర్ప్‌స్కా అనే భాగంలో ఉన్నవాళ్లు ఎన్నుకుంటారు. మిగిలిన ఇద్దరినీ ఫెడరేషన్ అనే భాగంలో ఉన్నవాళ్లు ఎన్నుకుంటారు. పేచీ ఇక్కడే ఉంది. ఫెడరేషన్ ఓటరుకు ఉన్నది ఒక్క ఓటు. దాన్ని బోస్నియాక్ అభ్యర్థికైనా వేయొచ్చు, క్రొయాట్ అభ్యర్థికైనా వేయొచ్చు. నీది ఏ జాతి అని అడిగేవాడు లేడు. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లదే సీటు, సగం దాటాలన్న నిబంధన లేదు.

క్లాసులో ఇచ్చే ఎక్సెల్ షీటు ఈ ముక్కనే మింగేసింది. ఒక గడిలో జాతుల జనాభా శాతం, పక్క గడిలో సర్వేలో వచ్చిన మద్దతు. రెంటినీ గుణించి కింద కూడుతుంది. మన దగ్గర కులాల లెక్కకు వాడే షీటునే పేర్లు మార్చి పెట్టినట్టుంది. 2013 జనాభా లెక్కల ప్రకారం ఫెడరేషన్‌లో క్రొయాట్లు 22.44 శాతం, బోస్నియాక్‌లు 70.4 శాతం. షీటు క్రొయాట్ సీటును క్రొయాట్ జనాభాకే కట్టేసి, క్రొయాట్ పార్టీ హెచ్‌డీజెడ్ అభ్యర్థి సునాయాసంగా గెలిచినట్టు చూపిస్తుంది. 2022లో జరిగింది వేరు. క్రొయాట్ సీటుకే హెచ్‌డీజెడ్‌కు ఎదురు నిలబడ్డ జెల్కో కొమ్షిచ్‌కు 2.27 లక్షల ఓట్లు, హెచ్‌డీజెడ్ తరఫున నిలబడ్డ బోర్యానా క్రిష్టోకు 1.80 లక్షలు. ఆ ఏడాది ఫెడరేషన్‌లో చెల్లిన ఓట్లలో సుమారు 41 శాతం క్రొయాట్ జాబితాకే, అంటే క్రొయాట్ సీటుకు నిలబడ్డవాళ్లకే పడ్డాయి. 22 శాతం జనం ఉన్నచోట 41 శాతం ఓట్లు ఎక్కడివి? బోస్నియాక్‌లు ఎక్కువగా ఉన్న మున్సిపాలిటీల నుంచి దాటొచ్చినవి.

కాబట్టి షీటులో అన్నిటికన్నా ముందు ఉండాల్సింది "దాటింపు" గడి. మున్సిపాలిటీ వారీగా పెట్టుకోవాలి. చెల్లిన ఓట్లలో క్రొయాట్ జాబితాకు పోయిన వాటా ఎంతో గత మూడు ఎన్నికలది పక్కపక్కన రాసి, అందులోంచి అక్కడి క్రొయాట్ జనాభా శాతం తీసేస్తే దాటిన ఓటు ఎంతో ఉరామరిగా తెలుస్తుంది. జాబితాకు ఎన్ని ఓట్లో తేలాకే ఏ అభ్యర్థికి ఎన్నో చూడాలి. ఈ వరస తిప్పేస్తే పై అంకెలన్నీ వృథా.

సర్వే అంకెల దగ్గర కూడా పాఠం తొందరగా దాటేశారు. దేశమంతా 1,000 మందిని అడిగిన సర్వే అనుకోండి. జనాభా లెక్కన ఫెడరేషన్ వాటా 63 శాతం, అంటే 630 మంది. అందులో క్రొయాట్ జాబితాకు వేసేవాళ్లు 41 శాతం, అంటే సుమారు 260. ఈ 260 మంది మీద ఒక్కో అభ్యర్థి శాతానికి ఆరు అటూఇటూ తేడా వస్తుంది. ఇద్దరి మధ్య తేడాకైతే పన్నెండు. 2022లో కొమ్షిచ్ గెలిచింది 55.8కి 44.2, అంటే 11.6 తేడాతో. అంత తేటగా గెలిచిన పోటీని కూడా వెయ్యిమంది సర్వేతో ఖాయంగా చెప్పలేం. క్లాసులో మాత్రం వెయ్యి శాంపిల్‌కు అటూఇటూ తేడా మూడు శాతమేనని బోర్డు మీద రాసి వదిలేశారు. ఆ మూడు మొత్తం వెయ్యికి వర్తిస్తుంది, లోపలి ముక్కకు కాదు. నియోజకవర్గం సర్వేలోంచి ఒక మండలం అంకె పీకి నాయకుడికి చెప్పేవాళ్లంతా చేసే తప్పు ఇదే.

క్లాసులో నిజంగా మెచ్చుకోవాల్సింది 2026 అంచనా కసరత్తు. 2006 నుంచి జరిగిన ఐదు ఎన్నికల్లో కొమ్షిచ్ నాలుగు గెలిచాడు కాబట్టి నూటికి ఎనభై అని అందరూ రాస్తారు. అప్పుడు రాజ్యాంగం కాగితం చేతిలో పెడతారు: వరసగా రెండుసార్లు చేసినవాడు ఆ తర్వాత నాలుగేళ్లు నిలబడకూడదు. 2018, 2022 గెలిచిన కొమ్షిచ్‌కు 2026లో తలుపు మూసుకున్నట్టే. ఎనభై అన్నవాళ్లంతా తలలు గోక్కుంటారు. ఇలా మూసుకోవడం ముందూ జరిగింది. 2006, 2010 గెలిచి 2014లో అతను పోటీలో లేడు. 2010లో అతని ఒక్కడికే 3.37 లక్షల ఓట్లు. 2014లో హెచ్‌డీజెడ్ నాయకుడు డ్రాగన్ చోవిచ్ 1.28 లక్షలతోనే సీటు కొట్టేశాడు. 2018లో కొమ్షిచ్ తిరిగొచ్చాక అదే చోవిచ్ 1.54 లక్షలు తెచ్చుకుని ఓడాడు. గెలిచినప్పటికన్నా ఓడినప్పుడే ఓట్లు ఎక్కువ! చోవిచ్ ఓట్లు తగ్గలేదు. కొమ్షిచ్ లాంటి పేరున్న మనిషి లేనప్పుడు దాటింపు ఎండిపోయింది, వచ్చాక మళ్లీ ఊరింది. 2026 అంచనా వేసేవాళ్లు 2022 కన్నా 2014ను దగ్గర పెట్టుకోవాలి. 2006 కూడా చూడాలి: క్రొయాట్ ఓటు హెచ్‌డీజెడ్‌కూ దాంట్లోంచి చీలిన పార్టీకీ పంచుకుపోయి, కొమ్షిచ్ 40 శాతం లోపుతోనే గట్టెక్కాడు.

చివరి గంట పందెంలో అందరి అంచనాలకూ మార్కులు వేస్తారు. తప్పా ఒప్పా అని మాత్రమే చూసి వేయడం అన్యాయం. 51 అన్నవాడికీ 95 అన్నవాడికీ ఒకే మార్కు పడుతోంది. చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ తేడాను వర్గం చేస్తే చాలు: 80 అని (అంటే 0.8) గెలిస్తే 1కి తేడా 0.2, దాని వర్గం 0.04, 95 అని ఓడితే 0.90. తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. ఇది వేయడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

నోట్సు మొత్తం ఇంగ్లిషులో, సన్న అక్షరాల్లో ఉంది. ఊర్ల పేర్లు చదవడానికే అరగంట పడుతుంది. భోజనం బాగుంది. రెండో రోజుకే ఫీజు తీసుకుంటారేమో అడిగి చూడండి, ఒప్పుకుంటే వెయ్యికి దండుగ లేదు. షీటు తెచ్చుకున్నవాళ్లు జనాభా శాతం గడి పక్కన కొత్త కాలమ్ ఒకటి పెట్టి, 2014, 2018, 2022 దాటింపు వాటాలు నింపాకే కింద కూడిక చూడండి.