వంశధార ఒడ్డున తొమ్మిదేళ్లు: ఇల్లు కట్టుకోవాలనుకునే వారి కోసం

"ఏటి ఒడ్డున స్థలం అమ్మకానికి వచ్చింది, తీసుకోమంటారా?" అని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతుంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది డిసెంబరులోనో జనవరిలోనో వచ్చి చూసి వెళ్లినవాళ్లే. ఆ నెలల్లో వంశధార నచ్చనివాళ్లు ఉండరు. నీళ్లు తేటగా, మోకాలి లోతున పారుతుంటాయి. వరి కోతకు ముందే తడి నేలలో చల్లిన మినుములు మొలిచి పొలాలు మళ్లీ పచ్చబడతాయి. పొద్దున్నే ఏటి మీద నుంచి మంచు లేచి వీధుల్లోకి వస్తుంది. అందుకే వాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే: మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వచ్చి చూడండి, బయానా సంగతి ఆ తర్వాత.

మేం అలా చూడలేదు. విశాఖపట్నంలో ఇరవై ఆరేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాక, మా వారు ఉద్యోగం నుంచి విరమించిన ఏడాది, 2016లో, శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగానికి కొద్ది దూరంలోని ఒక పల్లెలో పదిహేను సెంట్లు కొని ఇల్లు కట్టుకున్నాం. నేను ఒక సంస్థకు లెక్కలు రాసే పని ఇంటి నుంచే చేస్తాను. ఇంటి వెనక గోడ దాటితే గట్టు, గట్టు దిగితే ఏరు.

ఇక్కడ అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది, ఈ ఊరి ఆకాశాన్ని చూసి ఏటిని అంచనా వేయకూడదని. వంశధార ఒడిశాలో, కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండల్లో పుట్టి, దాదాపు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దానికి నీరిచ్చే కొండల్లో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. మాకు ఎండ కాస్తుంటుంది, బట్టలు ఆరేసుకుంటాం, సాయంత్రానికి రేవు మెట్లు ఒక్కొక్కటిగా మునిగిపోతుంటాయి. వాన కురిసింది ఎగువన ఒడిశాలోని గుణుపురంలో, కాశీనగర్ వైపు. మా ఎదురింటి పెద్దమ్మ కూతురిని గుణుపురం ఇచ్చారు. "అమ్మా, ఇక్కడ రాత్రంతా కుండపోత" అని ఆ అమ్మాయి ఫోను చేసిందంటే ఊరంతటికీ అదే మొదటి హెచ్చరిక. మాకు ఎగువన వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారన్న కబురు, దండోరా, ఫోనుల్లో తిరిగే క్యూసెక్కుల లెక్కలు అన్నీ దాని తర్వాతే.

ఆ లెక్కలు మొదటి ఏడాది నాకు అర్థమయ్యేవి కావు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు, అంటే సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ 28 లక్షల లీటర్ల నీరు కిందికి వస్తున్నట్టు. ఊళ్లో ఎవరూ లీటర్లలో ఆలోచించరు. ఏ అంకె దగ్గర ఎవరి పశువులను విప్పాలో, ఎవరింటి బియ్యం బస్తాలు అటక ఎక్కించాలో వాళ్లకు కంఠతా వచ్చు. ఆ అంకెలు నాకూ వచ్చేసరికి మూడు వానాకాలాలు పట్టింది.

ఇల్లు కట్టేటప్పుడు బేస్‌మట్టం రెండడుగులు చాలన్నాడు తాపీమేస్త్రీ. పక్కింటి పెద్దాయన ఒక సాయంత్రం మమ్మల్ని రామమందిరం దగ్గరకు తీసుకెళ్లి, గోడ మీద తన ఛాతీ ఎత్తున వేలు పెట్టి, "1980 వరద ఇక్కడిదాకా వచ్చింది నాయనా" అన్నాడు. మాకు అనుమానంగానే ఉన్నా మూడున్నర అడుగులకు పెంచాం. ఈ ఇంటికి మేం పెట్టిన ఖర్చులన్నింటిలోనూ ఫలితం కళ్లారా చూసింది ఆ అడుగున్నరదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలికి మా పెరట్లో కొబ్బరిచెట్లు విరిగాయి, పెంకులు లేచిపోయాయి, కానీ దాన్ని తట్టుకున్నాం. ఏరు ఆ తర్వాత వచ్చింది. ఎర్రటి నీరు, దాని మీద వేళ్లతో సహా తేలుతున్న చెట్లు, గడ్డివాములు. చప్పుడు కూడా మామూలు నీటి చప్పుడు కాదు, కింద రాళ్లు దొర్లుతున్నట్టు ఉండేది. నీరు మా ఇంటి మెట్లెక్కి పైనుంచి రెండో మెట్టు దగ్గర ఆగింది. కింది వీధి వాళ్లు పద్నాలుగు మంది రెండు రాత్రులు మా హాల్లో ఉన్నారు, వాళ్లలో ఒక నిండు గర్భిణి. కరెంటు పదకొండో రోజుకు వచ్చింది. మా పక్కింటి వాళ్ల ఎకరంన్నర మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. పొట్ట మీదున్న వరి దాని కింద ఉండిపోయింది. ఆ ఇసుక తీయించి మళ్లీ నాగలి పెట్టడానికి వాళ్లకు రెండేళ్లు పట్టింది.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటేటప్పటికి మేం కొంత నేర్చుకున్నాం. మధ్యాహ్నానికే పశువులు మెరక మీదికి చేరాయి, నీళ్లు పట్టి ఉంచాం, ఫోనులు చార్జింగు చేసుకున్నాం. ఆసారి నీరు చివరి వీధి దాటలేదు.

వరద గురించి పత్రికలు రాస్తాయి. వేసవి గురించి ఎవరూ రాయరు, నన్నడిగితే అదే పెద్ద సంగతి. మే నెలలో వంశధార ఇసుక మైదానంలా ఉంటుంది. అయినా ఆ ఇసుక కింద నీరు పారుతూనే ఉంటుంది. మేం వచ్చిన కొత్తలో ఆడవాళ్లు సాయంత్రం పూట ఏట్లో చేత్తోనే ఇసుక తోడి చెలమ తీసేవాళ్లు. ముందు ఊరిన బురద నీటిని ముంతతో తోడి పారబోసి, కాసేపు ఆగితే అడుగున తేటనీరు ఊరేది. ఆ నీటి రుచి ఏ శుద్ధి యంత్రంలో నుంచి వచ్చిన నీటికీ లేదు. మా బోరు నీటికి ఇనుప వాసన, బిందెలకు ఎర్ర చార. అందుకే తాగడానికి మేమూ చెలమ నీరే తెచ్చుకునేవాళ్లం.

ఇప్పుడు అదే చోట నడుము లోతు తవ్వాలి. ఆ ఇసుకంతా టిప్పర్లలో వెళ్లిపోయింది. ఇసుక ఒక మేర ఉన్నంతవరకే ఏరు నీటిని పట్టి ఉంచుతుంది. అది పోతే వాన నీరు వచ్చినంత వేగంగానే సముద్రానికి పోతుంది, ఒడ్డున బావుల మట్టం దిగుతుంది, చుట్టుపక్కల ఊళ్లకు నీరిచ్చే ఊటబావులకూ అదే గతి. గుంటలు పడిన చోట ప్రవాహం గట్టు వైపు మళ్లి కోస్తుంది. దీని గురించి మా ఊరి ఆడవాళ్లు అర్జీ పెట్టారు, నేనే రాసిపెట్టాను. కొన్నాళ్లు బళ్లు ఆగాయి, మళ్లీ రాత్రిపూట మొదలయ్యాయి. ఇది తలచుకుంటే నాకు వరద నాటి భయంకన్నా ఎక్కువ బాధ కలుగుతుంది. వరదను ఎవరూ పిలవలేదు కదా.

ఇంటి విషయానికొస్తే, చెమ్మ వదలదు. గోడల కింద సున్నం పొడిలా రాలుతుంది, తలుపులు వానాకాలంలో ఉబ్బి మూసుకోవు, కిటికీ ఊచలకు రెండేళ్లకోసారి రంగు వేయించాలి. దోమలు ఎక్కువ. కొత్తనీరు వచ్చినప్పుడు పాములు మెరక వెతుక్కుంటూ పెరట్లోకి వస్తాయి, టార్చి లేకుండా చీకట్లో అడుగు పెట్టకూడదు. ఇంటర్నెట్టు నా పనికి సరిపోతోంది. బస్సులు తక్కువ, నరసన్నపేట వరకు ఆటోలు ఉంటాయి.

వైద్యం మాత్రం ఆలోచించుకోవలసిన విషయం. 2022లో ఒక రాత్రి మా వారికి గుండెలో నొప్పి వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఆ వేళకు డాక్టరు లేరు. ఎదురింటి అబ్బాయి తన కారులో శ్రీకాకుళం చేర్చేసరికి గంటన్నర పట్టింది. ఆయన బతికారు, ఇప్పుడు బాగున్నారు. అయితే ఆ అబ్బాయి సంక్రాంతికి సెలవు మీద రావడం వల్లే ఆ రాత్రి ఊళ్లో ఉన్నాడు. ఇక్కడి మగపిల్లల్లో చాలామంది హైదరాబాదులోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు. తిత్లీ రాత్రి కింది వీధి ముసలివాళ్లను భుజాల మీద మోసుకొచ్చినవాళ్లు యాభై దాటినవాళ్లే. ఊళ్లో మనుషులు మంచివాళ్లా అని అందరూ అడుగుతారు. వరద కాలంలో ఊళ్లో ఎంతమంది ఉంటారని కూడా అడగాలి.

మనుషుల మాట చెబుతాను. మొదటి రెండేళ్లు మేం "విశాఖ వాళ్లం". మేం పిలిస్తే వచ్చేవాళ్లు, వాళ్లంతట వాళ్లు వచ్చేవాళ్లు కాదు. తిత్లీ తర్వాత నేను ఈ వీధికి పిన్నిని అయ్యాను. పిన్ని అయ్యాక తలుపు వేసుకుని కూర్చోవడం కుదరదు. ఎవరింట్లో అంబలి కాచినా చెంబు వస్తుంది, ఎవరి పింఛను కాగితం ఆగినా నా బల్ల మీదికి వస్తుంది. అమ్మవారి సంబరానికి చందా ఇస్తే సరిపోదు, పనిలో నిలబడాలి. శివరాత్రి తర్వాత మూడో రోజు చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం శ్రీముఖలింగం వస్తారు. ఆ రోజు మా ఇంట్లో ముప్పైమందికి తక్కువ భోజనం చేయరు, అందులో సగం మంది ఎవరి బంధువులో నాకు తెలియదు. ఏకాంతం కోసం ఏటి ఒడ్డుకు రావాలనుకునేవాళ్లకు ఇది కష్టమే. నాకైతే ఈ తొమ్మిదేళ్లలో ఇంతకు మించి నచ్చింది లేదు.

మళ్లీ కట్టుకోవలసి వస్తే ఈ ఊళ్లోనే కట్టుకుంటాం. అయితే గట్టు మీద కాదు, రెండు వీధులు వెనక, రామమందిరం వరుసలో. బేస్‌మట్టం ఐదడుగులు వేస్తాం, మేడ మీద ఒక గది తప్పకుండా ఉంటుంది. 2016లో మా వెనక గోడ నుంచి గట్టు అంచు 70 అడుగులు. ప్రతి జూన్‌లో కొత్తనీరు రాకముందు టేపుతో కొలుస్తాను. ఈ ఏడు 48 వచ్చింది.

మా పక్క స్థలం ఇప్పుడు అమ్మకానికి ఉంది. కొనేవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని యజమాని నన్ను అడిగాడు. కిందటి వారం వచ్చిన దంపతులను కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, ఈ రాసిందంతా చెప్పాను. ఆ తర్వాత టేపు తెచ్చి వాళ్ల చేతిలో పెట్టాను. ఒక కొస ఆవిడ పట్టుకున్నారు, రెండో కొసతో ఆయన గట్టు వైపు నడిచారు.