మీటియర్‌కి బ్యాక్‌రెస్ట్, ర్యాక్ వేయించాను: సామాను సరే, బిగింపే నాసి

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బైకు, ఫైర్‌బాల్ మోడల్. 2020 నవంబర్లో ఈ బండి వచ్చినప్పుడు స్టెల్లార్, సూపర్‌నోవా మోడళ్లకి కంపెనీయే బ్యాక్‌రెస్ట్ ఇచ్చింది, ఫైర్‌బాల్‌కి ఇవ్వలేదు. నాలుగు డబ్బులు మిగిలాయని నేను సంబరపడ్డాను గానీ వెనక కూర్చునే మనిషిని అడగలేదు. రామతీర్థం వెళ్లొచ్చిన ప్రతిసారీ మా ఆవిడది ఒకటే మాట, "మీకేం, పట్టుకోడానికి హ్యాండిల్ ఉంది."

సరే అని విజయనగరంలోనే ఒక షాపులో (పేరెందుకులెండి) బ్యాక్‌రెస్ట్, దాని వెనక చిన్న ర్యాక్ కలిపి 4,800కి తీసుకున్నాను, బిగింపుకి ఇంకో 300. సామానుకి వంక పెట్టను. పైపు మందంగా ఉంది, వానాకాలమంతా తడిసినా వెల్డింగ్ దగ్గర తుప్పు రాలేదు.

బిగించిన కుర్రాడి సంగతే చెప్పాలి. సీటు తీసి, అటు రెండు ఇటు రెండు బోల్టులు విప్పి, బ్రాకెట్ పెట్టాడు. ఎడమ పక్క బ్రాకెట్‌కీ బండికీ మధ్య గోరు దూరేంత సందు. అక్కడ ఉండాల్సిన బుష్ (సందు నింపే చిన్న గొట్టం ముక్క) ప్యాకెట్లో లేదట. లేకపోతే వెతకాలి కదా, వీడు పైపుని మోకాలితో నొక్కిపెట్టి బోల్టు లాగేశాడు. "ఇదేటి బాబూ, వంకరగా ఉంది" అంటే "ఏటవదు సార్, నడుస్తా ఉంటే అదే సర్దుకుంటాది" అన్నాడు. సర్దుకోలేదు. ఆ ఆదివారం అరసవల్లి బయల్దేరాం, నాతవలస దగ్గర హైవే ఎక్కిన దగ్గర్నుంచి వెనక టకటకటక, మా ఆవిడేమో "ఏదో ఊడిపోతోందండీ" అని నా భుజం మీద కొట్టడం. ఎచ్చెర్లలో ఆపి చూస్తే ఎడమ బోల్టు వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది, మడ్‌గార్డు మీద రూపాయి బిళ్ళంత పెయింటు లేచిపోయింది. గుడి క్యూలో నిలబడ్డంతసేపూ నాకు స్వామి కంటే ఆ బోల్టే ఎక్కువ గుర్తొచ్చింది.

మర్నాడు షాపుకి వెళ్తే మళ్ళీ బిగించడానికి ఇంకో 100 అడిగారు. ఒళ్ళు మండి మా వీధి మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన నాలుగు బోల్టులూ వదులు చేసి, సందు కొలిచి, లేత్ మీద బుష్ కోయించి పెట్టాడు. నాలుగూ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే ఒకటి ఇటు ఒకటి అటు మార్చి మార్చి బిగించాడు. స్ప్రింగ్ వాషర్లు వేసి, మరలకి ఒక్కో చుక్క నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) పెట్టాడు. 200 కిలోమీటర్లు తిరిగాక రమ్మన్నాడు, వెళ్తే ఒక బోల్టు పావు చుట్టు తిరిగింది. మళ్ళీ చప్పుడు లేదు.

ర్యాక్ మీద 5 కిలోలు అని స్టిక్కర్ ఉంది, నమ్మండి. నేను నమ్మకుండా పది కిలోల బియ్యం కట్టాను. బరువంతా వెనక చక్రం ఇరుసు దాటి పడేసరికి హ్యాండిల్ గాల్లో ఉన్నట్టు తేలిపోయింది, రాత్రి హెడ్‌లైట్ రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మలు చూపించింది. వెనక షాక్‌లకి స్ప్రింగు బిగువు మార్చుకోడానికి 6 మెట్లున్నాయి, ఇద్దరం, బ్యాగు ఉంటే రెండు మెట్లు పెంచుతున్నాను. అలాగే బండి ఎక్కేటప్పుడు కాలు వెనక నుంచి తిప్పే అలవాటు మానుకోవాలి, మొదటి వారంలోనే రెండుసార్లు బ్యాక్‌రెస్ట్‌ని తన్నాను.

చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేవాళ్ళకి మాత్రం ఇది దండగ. వీపుకి అందదు, మోచేతికి తగులుతుంది. మా అమ్మ ఎక్కేటప్పుడు పట్టుకోడానికి వాడుతుంది, అంతే. మా ఆవిడ డ్రెస్సు వేసుకుని రెండు పక్కలా కాళ్ళు వేసుకుని కూర్చుంటుంది కాబట్టి ఆవిడకి హాయిగానే ఉంది, ఎంత హాయి అంటే మొన్న అరకు వెళ్తుంటే గంట్యాడ దాటకముందే కునుకు. కొత్త టెన్షన్ పట్టుకుంది నాకు, వెనక మాట ఆగిపోతే చాలు ఎడమ చేత్తో ఆవిడ మోకాలు తట్టి చూసుకుంటున్నాను.