వేడి చోట 6312 సి3 బేరింగు, నీలం గ్రీజు: ఏళ్ల తరబడి వాడాక

మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లు మాది. డ్రయ్యర్ బ్లోయర్లను తిప్పే 40 హెచ్‌పీ మోటార్ల మెయింటెనెన్స్ నేనే చూసుకుంటాను. డ్రయ్యర్ పక్కనే కాబట్టి మే నెలలో మోటారు చుట్టూ ఉన్న గాలే కాలుతుంటుంది. అలాంటి చోట కొన్నేళ్లుగా 6312 సి3 బేరింగులు (6312 సైజు నంబరు, సి3 అంటే లోపల మామూలు కన్నా ఎక్కువ ఖాళీ ఉన్న రకం), మొబిల్ పాలీరెక్స్ ఈఎం అనే నీలం గ్రీజు కలిపి వాడుతున్నాను. ఈ పనికి ఇంతకన్నా నమ్మకమైన జోడీ నాకు కనపడలేదు.

బేరింగు వేడెక్కితే ఘర్షణ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. స్టీలు గోళీ స్టీలు రింగు మీద దొర్లేటప్పుడు ఘర్షణ ఎలాగూ చాలా తక్కువ, బాల్ బేరింగుకు గుణకం 0.0015 దగ్గర ఉంటుంది. మన మోటార్లు చూసే వేడికి స్టీలు పెద్దగా మారదు. మారేది గ్రీజులోంచి వచ్చి మధ్యలో నిలిచే నూనె పొర, దాంతోపాటు గోళీలకు రింగులకు మధ్య ఉన్న ప్లే, అంటే సన్నటి ఖాళీ.

ముందు నూనె సంగతి. డిసెంబరు తెల్లవారుజామున ఆగి ఉన్న మోటారు షాఫ్టును చేత్తో తిప్పి చూడండి, గ్రీజు గట్టిపడి బరువుగా తిరుగుతుంది. కాసేపు నడిచాక అదే షాఫ్టు తేలిగ్గా తిరుగుతుంది. అంటే అక్కడిదాకా వేడి ఘర్షణను తగ్గించింది. ఇంకా వేడెక్కితే నూనె మరీ పల్చబడి, పొర తెగి, లోహం లోహాన్ని తాకుతుంది. అప్పుడు ఘర్షణ మళ్లీ పైకి లేస్తుంది. ఇలా ముందు దిగి తర్వాత పైకి లేచే గీతను జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ 1902లోనే కొలిచి చూపించాడు.

పాలీరెక్స్‌లో ఉన్న నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 115, 100 డిగ్రీల దగ్గర 12.2 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్). 6312 బేరింగు 1470 ఆర్‌పీఎం దగ్గర తిరగడానికి కనీసం 12 కావాలి. అంటే 100 డిగ్రీలకు సరిగ్గా అంచున నిలబడ్డట్టే. 70 దగ్గర నడుస్తుంటే కావాల్సిన దానికి రెండింతల పైనే ఉంటుంది, టెన్షన్ అక్కర్లేదు. డబ్బా మీద డ్రాపింగ్ పాయింట్ 260 అని చూసి 200 డిగ్రీల దాకా పనికొస్తుందని అనుకోవద్దు. అది గ్రీజు కరిగి బొట్టుగా జారే వేడి మాత్రమే, నడిపించాల్సిన వేడి కాదు.

ఇక ప్లే. నా దృష్టిలో అసలు విషయం ఇదే, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. మోటారులో తిరిగే భాగమైన రోటరు వేడి షాఫ్టు గుండా లోపలి రింగుకు వస్తుంది, బయటి రింగు మాత్రం ఎండ్ కవర్ వల్ల కాస్త చల్లగా ఉంటుంది. రెండింటికీ 15 డిగ్రీల తేడా ఉంటే లోపలి రింగు మీద గోళీలు దొర్లే గాడి 13, 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎక్కువ ఉబ్బుతుంది. షాఫ్టు మీద టైటుగా ఎక్కించినప్పుడు పోయిన ప్లే అదనం. మామూలు 6312లో ప్లే 8 నుంచి 28 మైక్రాన్లు. 8 ఉన్న ముక్క చేతికొస్తే నడిచేటప్పుడు ఏమీ మిగలదు. గోళీలు నలిగి వేడి పెరుగుతుంది, వేడికి రింగు ఇంకా ఉబ్బుతుంది, చివరికి పట్టేస్తుంది. సి3లో 23 నుంచి 43 ఉంటుంది, ఆ ఉబ్బును తట్టుకుంటుంది.

ఒకసారి రివైండింగ్‌కు ఇచ్చిన మోటారు మామూలు ప్లే బేరింగుతో తిరిగొచ్చింది. ఆ ఎండాకాలమే పట్టేసింది. పుల్లర్‌తో లాగి చూస్తే లోపలి రింగు గాడి నీలంగా మారి ఉంది. అంటే స్టీలు 300 డిగ్రీల దగ్గరికి పోయిందన్నమాట. ఆ రంగు చూశాక ఇక గ్రీజు పెట్టి నడిపించే మాటే లేదు, స్టీలు మెత్తబడిపోయి ఉంటుంది.

కొత్తగా గ్రీజు పెట్టిన రోజు బేరింగు వేడి రీడింగు చూసి భయపడొద్దు. మా దగ్గర మొదట 80 దాటుతుంది, గ్రీజు పక్కలకు సర్దుకున్నాక 65 దగ్గరికి దిగి నిలబడుతుంది. దిగకపోతే గ్రీజు ఎక్కువైనట్టే. ఖాళీలో సగం మించి నింపకండి, నిండా కూరితే గోళీలు గ్రీజును చిలుకుతూనే వేడెక్కిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచేవాళ్లు మెరిసే లోహం మీద గురి పెట్టకండి, తక్కువ చూపిస్తుంది. నేను కవర్ మీద నల్ల పెయింట్ చుక్క పెట్టి ఎప్పుడూ అక్కడే చూస్తాను. లోపలి రింగు దానికన్నా వేడిగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఓవర్‌హాల్‌లో కవర్ విప్పితే గ్రీజు అంచుల్లో ఇంకా నీలంగానే ఉంటుంది, గోళీల దగ్గర ముదురుతుంది. వేళ్ల మధ్య రుద్దితే జిగురు తెలుస్తుంది, కాలిన వాసన ఉండదు. అంతకుముందు వాడిన లిథియం గ్రీజు ఇదే చోట ఎండి, నల్లటి పెచ్చులుగా ఊడొచ్చేది. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు వేసే గడువు సగానికి తగ్గించాలన్న లెక్కను నేను తప్పకుండా పాటిస్తాను. 85 దగ్గర నడిచే మోటారుకు సగం గడువుకే గ్రీజు గన్ను పట్టుకుంటాను.

పాలీరెక్స్ ధర మామూలు లిథియం గ్రీజు కన్నా బాగా ఎక్కువ. పాత గ్రీజు మీదే దీన్ని కొట్టకూడదు, లిథియంతో చాలాసార్లు పొసగదు, కలిస్తే పల్చబడి కారిపోవచ్చు. డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే కొత్తది నింపాలి. చల్లగా, నెమ్మదిగా తిరిగే ఎలివేటర్ ప్లమ్మర్ బ్లాకులకు (షాఫ్టును మోసే బేరింగు దిమ్మలకు) ఇంత ఖర్చు దండగ, వాటికి నేను ఇప్పటికీ లిథియమే వేస్తాను. డ్రయ్యర్ పక్క మోటార్లకు మాత్రం బేరింగు పెట్టె మీద సి3 అన్న గుర్తు చూడనిదే డబ్బు కట్టకండి.